మొక్కై వంగనిది మానై వంగకపోవడానికి లిగ్నినే కారణమా?

మిద్దెతోట (జయనగర్, బెంగళూరు), శనివారం ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మా మిద్దె మీద నలభై దాకా కుండీలు ఉన్నాయి. వాటిలో ఒక తులసి గురించి అడగాలని రాస్తున్నాను. నాలుగేళ్ళ క్రితం మా అత్తగారు మదనపల్లె నుంచి తెచ్చిన నారు అది. మొదటి ఏడాది దాని కాండం లేత ఊదా రంగులో, నాలుగు పలకలుగా, గోటితో గిల్లితే తడి తగిలేంత మెత్తగా ఉండేది. ఇప్పుడు మట్టి నుంచి జానెడు ఎత్తు వరకు గుండ్రంగా, గోధుమ రంగుకు తిరిగి, అచ్చం చిన్న మానులా తయారైంది. ఎంత నొక్కినా గోరు దిగడం లేదు. పైన వచ్చే చిగుళ్ళు మాత్రం మునుపటిలాగే నాలుగు పలకలుగా, మెత్తగా ఉన్నాయి.

ఎరువు చాలక ఇలా బిగిసిపోయిందని పక్కింటివారు అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. ఒకే వేరు, ఒకే నీరు, ఒకే ఎండ. అలాంటప్పుడు ఒక మొక్కలోనే కింద కట్టె, పైన కూర ఎలా అయ్యాయి? మొక్కై వంగనిది మానై వంగునా అంటాం కదా, ఆ మొక్కకూ మానుకూ మధ్య లోపల జరిగేదేమిటో తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు (మల్లేశ్వరం), శనివారం ఉదయం 9:15

మిద్దెతోట గారూ, మీ తులసికి జబ్బూ లేదు, ఎరువు లోపమూ లేదు. అది ఆరోగ్యంగా ముదిరింది. మీరు అడిగినది చాలా మంచి ప్రశ్న కాబట్టి కొంచెం తీరికగా రాస్తాను.

ప్రతి మొక్క కణం చుట్టూ ఒక కవచం ఉంటుంది. కణం పెరుగుతున్నంతకాలం ఆ కవచం పల్చగా, సాగే గుణంతో ఉండాలి, లేకపోతే కణానికి పెరిగే వీలుండదు. లేత చిగురు నిటారుగా నిలబడేది ప్రధానంగా లోపలి నీటి ఒత్తిడి వల్లే. అందుకే ఒక పూట నీళ్ళు పోయకపోతే చిగురు వాలిపోతుంది, అదే మొక్క కింది మాను మాత్రం చెక్కుచెదరదు.

పెరుగుదల ఆగిన తరువాత కొన్ని కణాలు మొదటి కవచానికి లోపలి వైపున రెండో కవచాన్ని పేర్చుకోవడం మొదలుపెడతాయి. మానులో ఈ పని ఎక్కువగా జరిగేది విభాజ్య కణావళి నుంచి పుట్టిన కణాల్లో. బెరడుకూ కట్టెకూ నడుమ పల్చటి పొరగా ఉండే ఆ కణావళి లోపలి వైపుకు నీటిని మోసే దారువును (అంటే కట్టెను), బయటి వైపుకు ఆహారాన్ని మోసే పోషక కణజాలాన్ని ఇస్తుంది. లోపలికి చేరిన కణం ముందు తన చుట్టూ సెల్యులోజ్ పోగులను ఏటవాలుగా, పొర మీద పొరగా చుట్టుకుంటుంది. ఆ పోగుల మధ్య హెమీసెల్యులోజ్ అనే మరో చక్కెర గొలుసుల పదార్థం, నీరు ఉంటాయి. ఆ ఖాళీల్లోకి వచ్చి, నీటిని తోసేసి గట్టిపడేదే లిగ్నిన్.

లిగ్నిన్‌ను కణం తయారైన సరుకుగా కవచంలోకి పంపదు. ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మూడు రకాల చిన్న ఆల్కహాళ్ళను తయారుచేసి బయటికి పంపుతుంది. వాటి పేర్లు కుమరైల్, కోనిఫెరైల్, సినాపైల్ ఆల్కహాళ్ళు. కవచంలో కాచుకుని ఉన్న లాకేజ్, పెరాక్సిడేజ్ అనే ఎంజైములు వాటిని ఆక్సీకరించి రాడికళ్ళుగా, అంటే జత లేని ఎలక్ట్రానుతో చురుకుగా ఉండే అణువులుగా మారుస్తాయి. ఆ రాడికళ్ళు ఎదురుపడిన చోట ఒకదానినొకటి పట్టుకుంటాయి. ప్రోటీనుకు ఉన్నట్టుగా ఇక్కడ ముందే రాసి ఉంచిన వరుస ఏదీ లేదు. అందుకే లిగ్నిన్ అణువును ఒక పొడవాటి దారంగా కాక, అడ్డదిడ్డంగా ముడులు పడిన వలగా ఊహించుకోవాలి.

ఈ చేరిక మొదలయ్యే చోటు కూడా గమనించదగ్గది. అది కణం లోపలి అంచున మొదలవదు. కణాలు ఒకదానికొకటి ఆనుకునే మూలల్లో, వాటిని అతికించే మధ్య పటలికలో మొదలై, క్రమంగా లోపలి పొరలకు పాకుతుంది. అంటే ముందు కణాలు పరస్పరం బిగుసుకుంటాయి, ఆ తరువాత ఒక్కొక్కటీ తనలో తాను బిగుసుకుంటుంది. చివరికి దారునాళ కణం తన లోపలి జీవపదార్థాన్ని తానే కరిగించుకుని చనిపోయి, బోలు గొట్టంగా మిగులుతుంది. అది చనిపోయాక కూడా పక్కనున్న బతికిన కణాలు దాని కవచానికి లిగ్నిన్ ముడిసరుకును అందిస్తూనే ఉంటాయి. మీ తులసి కింది భాగంలో మీ గోరును ఆపుతున్నది ఇలా ప్రాణం విడిచిన కణాల గోడలే.

ఇంటర్ బైపీసీ (మారతహళ్ళి), శనివారం మధ్యాహ్నం 1:30

మేడమ్, మా పుస్తకంలో లిగ్నిన్ కట్టెకు దృఢత్వాన్ని ఇస్తుందని ఒక్క వాక్యమే ఉంది. అయితే ముదరడం, పీచు పట్టడం, చేవదేలడం, టెంక గట్టిపడడం అన్నీ లిగ్నిన్ పేర్లే అనుకోవచ్చా? గోధుమ రంగు కూడా లిగ్నిన్ వల్లే వస్తుందా? ఇంకొక సందేహం. కణం ఎలాగూ చనిపోతున్నప్పుడు మొక్క ఇంత ఖర్చు ఎందుకు పెట్టుకుంటుంది?

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, శనివారం మధ్యాహ్నం 2:05

చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను బాబూ. ఆకుల నుంచి నీరు ఆవిరవుతున్నకొద్దీ దారునాళాల్లోని నీటి స్తంభం పైకి లాగబడుతుంది. లాగుడు వల్ల నాళం లోపల ఒత్తిడి బయటికన్నా బాగా తగ్గిపోతుంది. మెత్తటి గొట్టంతో కొబ్బరిబోండం నీళ్ళు గట్టిగా పీల్చినప్పుడు గొట్టం గోడలు లోపలికి అతుక్కుపోవడం చూసే ఉంటావు. నాళం గోడలకు లిగ్నిన్ లేకపోతే అదే గతి పడుతుంది. లిగ్నిన్ సుమారు సగానికి తగ్గిపోయిన అరబిడాప్సిస్ (ప్రయోగశాలల్లో పెంచే ఒక చిన్న మొక్క) మొక్కల్లో నాళాలు నిజంగానే లోపలికి కూలిపోయి కనిపించాయి. పైగా లిగ్నిన్ నీటిని దగ్గరికి రానివ్వదు కాబట్టి గొట్టంలోని నీరు గోడల్లోకి ఇంకిపోకుండా పైకి సాగుతుంది. నిలబెట్టడం ఒక పని అయితే, నీళ్ళు మోయించడం అంతకు తక్కువ కాని మరో పని.

రంగు సంగతి వేరు. తులసి మాను మీద కనిపించే గోధుమ రంగు బెరడులోని బెండు పొరది. ఆ పొర కవచాల్లో ముఖ్య పదార్థం సుబెరిన్. అది మైనం జాతి పదార్థం, లిగ్నిన్ కాదు. ఒక చిన్న ముక్క బెరడు గీరి చూస్తే లోపలి కట్టె తెల్లగానే ఉంటుంది. చేవ గురించి మాత్రం కట్టెతో రోజూ పనిచేసేవారు చెబితే బాగుంటుంది.

దూలాల లెక్క (వైట్‌ఫీల్డ్), శనివారం రాత్రి 8:50

నేను కట్టడాల ఇంజినీరును. వృక్షశాస్త్రం నా చదువు కాదు గానీ, సామెత విషయంలో ఒక మాట చెప్పాలి. మొక్క వంగి, మాను వంగకపోవడంలో పదార్థం పాత్ర ఎంతో, మందం పాత్ర కూడా అంతే ఉంది.

గుండ్రటి కర్ర వంపును అడ్డుకునే శక్తి దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. వ్యాసం రెండింతలైతే బిగువు 16 రెట్లవుతుంది. మిద్దెతోట గారి తులసి కాండం మొదట 3 మిల్లీమీటర్లు ఉండి ఇప్పుడు 12 మిల్లీమీటర్లు అయిందనుకుందాం. పదార్థం ఏమాత్రం మారకపోయినా అది 256 రెట్లు బిగుసుకుంటుంది. అంతేకాక ఒకే వంపుకు లొంగదీసినప్పుడు లావు కర్ర వెలుపలి పొర సన్న కర్ర పొరకన్నా ఎక్కువ సాగాలి. అంత సాగలేక విరుగుతుంది. వేలెడంత మామిడి మొలకలో కూడా అప్పటికే కొంత లిగ్నిన్ ఉంటుంది, అయినా అది వంగుతుంది. మానును నిలువునా సన్నటి బద్దలుగా చీల్చి చూడండి, అదే ముదురు కట్టె చక్కగా వంగుతుంది. బుట్టలల్లేవారు ముదిరిన వెదురును వంచేది ఇలాగే.

కాబట్టి ఘనతంతా లిగ్నిన్‌కే కట్టబెట్టవద్దని నా మనవి. మా భాషలో చెప్పాలంటే సెల్యులోజ్ పోగులు కాంక్రీటులోని ఇనుప చువ్వల వంటివి, అవి లాగుడును తట్టుకుంటాయి. లిగ్నిన్ వాటి చుట్టూ బిగిసిన కాంక్రీటు వంటిది. నొక్కుడు పడినప్పుడు పోగులు పక్కకు నలిగిపోకుండా పట్టి ఉంచుతుంది. ఏ ఒక్కటి లేకున్నా దూలం నిలవదు.

ఉలి బాడిస (చెన్నపట్న), ఆదివారం ఉదయం 6:30

మాది చిత్తూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వడ్రంగుల కుటుంబం. తాతగారి కాలం నుంచి ఇదే పని. చేవ గురించి అడిగారు కాబట్టి నా అనుభవం చెబుతాను.

టేకు దుంగను అడ్డంగా కోస్తే నడుమ ముదురు రంగు చేవ, చుట్టూ తెల్లటి కట్టె కనిపిస్తాయి. చేవ ఇనుములా ఉంటుందని, చుట్టూ ఉన్నది పనికిరాదని అందరూ అంటారు. కానీ అప్పుడే కోసి ఆరబెట్టిన చెక్క మీద చిత్రిక పట్టి చూస్తే ఆ రెంటికీ చేతికి తెలిసే తేడా అందరూ అనుకునేంత ఉండదు. తేడా మూడు నాలుగు వానాకాలాలు గడిచాక తెలుస్తుంది. తెల్ల భాగం పుచ్చిపోతుంది, పురుగు పిండి రాలుస్తుంది, చెద పడుతుంది. చేవ అలాగే ఉంటుంది. గడపకు తెల్ల భాగం రాకుండా చూడమని నాన్నగారు ప్రతిసారీ చెప్పేవారు, బలం తక్కువని మాత్రం ఎన్నడూ చెప్పలేదు. మన్నిక తక్కువని చెప్పేవారు.

మా ఊళ్ళో బొమ్మలు చేసే కర్ర అంకుడు కర్ర. ఏటికొప్పాకలో బొమ్మలు చేసేదీ ఇదే చెట్టు కర్రతోనే. ఇది లేత దంతపు రంగులో, చేవకూ చుట్టూ కట్టెకూ పెద్దగా తేడా కనపడకుండా, సన్నటి ఒకే తీరు పోగుతో ఉంటుంది. కర్రను తిప్పే లేత్ యంత్రం మీద ఉలి తగిలిస్తే ఎక్కడా రేగకుండా నున్నగా వస్తుంది. కొండపల్లి బొమ్మల పొణికి కర్ర అంతకన్నా ఎంతో తేలిక. మూడింటిలోనూ లిగ్నిన్ ఉంటుంది కదా, మరి ఇంత తేడా ఎక్కడి నుంచి వస్తుందో మేడమ్ గారు చెప్పాలి.

ఇంకొకటి. కర్ర వంగదన్నది పూర్తిగా నిజం కాదు. వంకర వెదురును నిప్పుల మీద కాచి, వేడిగా ఉండగానే మోకాలికి ఆనించి సరిచేసి, తడిగుడ్డతో తుడిస్తే అది ఆ తీరునే నిలిచిపోతుంది. చల్లారిన తరువాత అదే పని చేయబోతే పగులుతుంది.

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, ఆదివారం ఉదయం 10:20

ఉలి బాడిస గారూ, మీ నాన్నగారు చెప్పినది అక్షరాలా నిజం. తెల్ల కట్టెలో, చేవలో లిగ్నిన్ శాతం ఇంచుమించు ఒకటే. తెల్ల కట్టెలో ఇంకా బతికి ఉన్న కణాలు పిండిపదార్థాన్ని దాచుకుంటాయి, పురుగు వచ్చేది దానికోసమే. ఆ కణాలు చనిపోయే ముందు తమ నిల్వను వేరే రసాయనాలుగా మార్చి కట్టెలో నింపుతాయి. చేవదేలడం అంటే అదే. ఎర్రచందనంలో ఎరుపునిచ్చే శాంటలిన్, గంధపు చేవలో పరిమళించే నూనె, టేకులో చెదను దూరం పెట్టే పదార్థాలు అన్నీ ఈ కోవలోవే. కాబట్టి ముదరడం వేరు, చేవదేలడం వేరు. మన భాష ఈ రెంటికీ విడివిడిగా మాటలు పెట్టుకోవడం నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

తేలిక, బరువుల తేడా ఎక్కువగా గోడ మందానికీ బోలుకూ మధ్య నిష్పత్తి నుంచి వస్తుంది. పొణికి కణాలకు గోడ పల్చన, లోపలి బోలు పెద్దది. గోడ పదార్థం మాత్రం ఏ కట్టెదైనా ఇంచుమించు ఒకే సాంద్రతతో, నీటికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువుగా ఉంటుంది. లోపలి గాలి వల్లే కట్టె నీటి మీద తేలుతుంది.

వెదురును కాచడం గురించి మీరు చెప్పినదానికి కారణం నేరుగా లిగ్నినే. అది వేడికి, తేమకు మెత్తబడే పదార్థం. పచ్చి కట్టెలో నీరు మరిగే వేడికి దగ్గరగా వచ్చేసరికే సడలుతుంది. అప్పుడు పోగులు ఒకదానిపై ఒకటి కొద్దిగా జారి కొత్త తీరుకు వస్తాయి. చల్లారగానే లిగ్నిన్ మళ్ళీ బిగిసి, వాటిని అక్కడే పట్టేస్తుంది.

తాటి, కొబ్బరి, వెదురు దారి వేరు. వీటికి టేకులో ఉన్నటువంటి విభాజ్య కణావళి లేదు కాబట్టి ఏటేటా కొత్త కట్టె పేరుకోదు. ఉన్న పోగుల కవచాలే ఏళ్ళ తరబడి మందమవుతూ, లిగ్నిన్ పట్టించుకుంటూ పోతాయి. తాటి మానులో అటువంటి నల్లటి పోగులు వెలుపలి వైపున కిక్కిరిసి, నడుమ మెత్తగా ఉండటానికి కారణం ఇదే. పాత ఇళ్ళలో తాటి దూలాలను ఆ వెలుపలి భాగం నుంచే తీసేవారు. అరటి బోదె అయితే అసలు కాండమే కాదు, ఆకుతొడిమల చుట్ట. దానిలో లిగ్నిన్ పట్టిన పోగులు తక్కువ, నీరు ఎక్కువ. గెల బరువుకు దానికి వెదురు ఊతం పెట్టేది అందుకే.

కాగితపు గుజ్జు (రాజాజీనగర్), ఆదివారం సాయంత్రం 5:45

ఇక్కడ అందరూ లిగ్నిన్ ఎలా చేరుతుందో చెబుతున్నారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా దానిని కట్టెలోంచి బయటికి లాగే పనిలో గడిపాను, అందుచేత ఆ వైపు నుంచి రాస్తాను. ఒక పదార్థం ఎంత గట్టిగా పట్టుకుని ఉందో దాన్ని విడదీసేటప్పుడే తెలుస్తుంది.

1838లో ఫ్రాన్సులో ఆన్సెల్మ్ పాయెన్ కట్టెను నత్రికామ్లంతోనూ క్షారంతోనూ వేరుచేసి, మిగిలిన పోగు పదార్థాన్ని సెల్యులోజ్‌గా గుర్తించాడు. దానిని కప్పి ఉన్న మిగతాదాన్ని పొదిగిన పదార్థం అన్నాడు. లిగ్నిన్ అనే పేరు అంతకుముందే, 1813లో, స్విట్జర్లాండుకు చెందిన డి కాండోల్ పెట్టాడు. లాటిన్‌లో లిగ్నమ్ అంటే కట్టె. నెయ్‌వేలిలో తవ్వే లిగ్నైట్‌కు కూడా ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది.

మా కర్మాగారానికి ఒంగోలు వైపు నుంచి సుబాబులు, కోస్తా నుంచి సరుగుడు, చాలా జిల్లాల నుంచి జామాయిలు వచ్చేవి. బెరడు తీసి, అగ్గిపెట్టె అంత పెచ్చులుగా కొట్టి, పెద్ద ఉక్కు పాత్రల్లో సోడియం హైడ్రాక్సైడు, సోడియం సల్ఫైడుల ద్రావణంలో 160 నుంచి 170 డిగ్రీల వేడికి, ఒత్తిడి మీద ఉడికించేవాళ్ళం. వంటింట్లో ఎంతసేపు ఉడికించినా కట్టె కట్టెగానే ఉంటుంది. అక్కడ మాత్రం కొన్ని గంటల్లో లిగ్నిన్ ముక్కలై కరిగి, ద్రావణం తారులా నల్లబడుతుంది. పాత్ర తెరిచేసరికి, పెచ్చు చూడటానికి పెచ్చులాగే ఉండి, రెండు వేళ్ళతో నలిపితే పత్తిలా విడిపోయేది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కణాలను కణాలకు అతికించినది పోగానే కట్టె అనేది లేకుండా పోయిందని ఆ రోజు చేతితో తెలుసుకున్నాను. ఆ నల్లటి ద్రావణాన్ని చిక్కబరచి బాయిలరులో కాల్చేవాళ్ళం, కర్మాగారానికి కావలసిన ఆవిరిలో పెద్ద భాగం దాని నుంచే వచ్చేది.

అన్ని కట్టెలూ ఒకేలా లొంగవు. పైన్, దేవదారు వంటి వాటి లిగ్నిన్ దాదాపు అంతా కోనిఫెరైల్ రకం. జామాయిలు వంటి చెట్లలో సినాపైల్ రకం కూడా బాగా ఉంటుంది. సినాపైల్ వలయం మీద అదనంగా ఒక మిథాక్సీ గుంపు (ఒక చిన్న పరమాణువుల గుంపు) కూర్చుని ఉండటం వల్ల ఆ చోట మొండి బంధాలు పడే అవకాశం ఉండదు. అందువల్ల అది త్వరగా విడిపోతుంది.

వార్తాపత్రిక కాగితం ఎండలో పెడితే వారంలో పచ్చబడుతుంది, నోటుపుస్తకం పచ్చబడదు. కట్టెను ఉడికించకుండా యంత్రంతో నూరి చేసిన గుజ్జులో లిగ్నిన్ అలాగే ఉండిపోవడం, వెలుతురుకు అది ఆక్సీకరణ చెంది రంగు తేలడం దానికి కారణం.

జొన్నచేను (యలహంక), ఆదివారం రాత్రి 9:30

గుజ్జు గారి పాత్ర చేసే పని ఆవు కడుపు చేయలేదు, మా బాధ అదే. మాది అనంతపురం జిల్లా. నాన్న ఇప్పటికీ నాలుగు పాడి ఆవులు పెట్టుకున్నారు. జొన్న చొప్ప పూతకు వచ్చినప్పుడు కోస్తే పశువులు చివరి దాకా తింటాయి. కంకి గట్టిపడి చొప్ప ముదిరాక కోస్తే ఆకులు తిని కాడలు వదిలేస్తాయి. ముదురు కాడలో సెల్యులోజ్ లేక కాదు. కడుపులోని సూక్ష్మజీవులకు సెల్యులోజ్ మంచి ఆహారమే. దాని చుట్టూ లిగ్నిన్ అల్లుకుపోయి ఉండటంతో వాటి ఎంజైములు లోపలికి చేరలేవు.

వ్యవసాయ కళాశాలలో చదివేటప్పుడు నన్ను బాగా ఆకట్టుకున్నది గోధుమ రంగు ఈనె ఉన్న రకాల సంగతి. 1924లో అమెరికాలోని మిన్నెసోటాలో మొక్కజొన్నలో మొదట గుర్తించారు. ఆకు నడిమి ఈనె మామూలుగా లేత ఆకుపచ్చగా, తెల్లగా ఉండాలి. వీటిలో తుప్పు రంగుకు తిరుగుతుంది. లిగ్నిన్ తయారీ దారిలోని ఒక ఎంజైము దెబ్బతినడం వల్ల లిగ్నిన్ శాతం తగ్గి, కూర్పు మారుతుంది. ఆ మేతను పశువు బాగా అరిగించుకుంటుంది. తరువాత జొన్నలోనూ, సజ్జలోనూ అటువంటి రకాలు వచ్చాయి.

అయితే మేలుతో పాటు నష్టమూ వచ్చింది. అటువంటి చాలా రకాల్లో కాడ బలహీనపడి, గాలివానకు చేను పడిపోతుంది, దిగుబడి కూడా తగ్గుతుంది. చేను నిలబడాలి, ఆవు అరిగించుకోవాలి. రెండూ ఒకే పదార్థం మీద ఆధారపడినప్పుడు రైతుకు దొరికే మార్గం సరైన రోజున కోయడమే. ఎన్ని రకాలు వచ్చినా నాన్న పూత చూసి కొడవలి పట్టడం మానలేదు, ఆయన లెక్కే సరైనదని నా అభిప్రాయం.

మిద్దెతోట, సోమవారం ఉదయం 7:10

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. వంటింటి సందేహం ఒకటి మిగిలింది. బెండకాయ కొన విరిచి చూసి కొనడం అందరికీ తెలిసిందే. మిద్దె మీద నేనే కోసినప్పుడు కూడా రెండు రోజులు ఆలస్యమైతే కాయ పీచు పడుతోంది. మునగకాయ, జామకాయలో గింజల దగ్గరి పలుకులు, బీరకాయ పీచు, ఇవన్నీ కూడా ఇదేనా?

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, సోమవారం రాత్రి 8:40

అవునండీ, ఇవన్నీ లిగ్నిన్ పట్టిన కవచాలే. తేడా కణాల ఆకారంలో ఉంది. బెండ, మునగ, బీరల్లో అవి పొడవాటి పోగులు, నాళాల కట్టలు. జామలో గింజల చుట్టూ, సపోటాలో తొక్క దగ్గర నాలుకకు తగిలేవి గుండ్రటి రాతికణాలు. వాటినే సందు లేకుండా పేర్చితే కొబ్బరి చిప్ప. మామిడి టెంక కూడా ఆ దారిదే. కాయ తన గింజ తయారయ్యే వేళకు గోడలు బిగించుకుంటుంది, మనం దానికంటే ముందు కోసుకోవాలి. వెదురు మొలకల్లోనైతే కోసిన తరువాత కూడా ఈ పని ఆగదు. మలెనాడు, కొడగు వైపు వానాకాలంలో తినే ఆ మొలకలను కోసిన రోజే ఉడకబెట్టుకోవడం మేలు.

ఈ రోజు మీ ప్రశ్న గుర్తుకు వచ్చి, మా ప్రయోగశాలలో పిల్లల చేత తులసి కాండాన్ని కోయించాను. ఒకటి చిగురుకు రెండంగుళాల కింద, మరొకటి మట్టికి దగ్గరగా. బ్లేడుతో వీలైనంత పల్చటి అడ్డుకోతలు తీసి, ఆల్కహాలులో కరిగించిన ఫ్లోరోగ్లూసినాల్ (లిగ్నిన్‌ను రంగుతో పట్టిచ్చే రసాయనం) చుక్క వేసి, కొన్ని నిమిషాల తరువాత గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క అంచున వేశాం. ఇది ఇంట్లో చేయదగినది కాదు, ఆ ఆమ్లం కళ్ళకూ ఊపిరికీ ప్రమాదం. లిగ్నిన్ ఉన్న చోట మాత్రమే ఎర్రటి మందారం రంగు వస్తుంది.

లేత కాండంలో ఎర్రదనం చాలా కొద్దిగా, చిన్న చిన్న చుక్కలుగా మాత్రమే కనిపించింది. నాలుగు మూలల్లో మందపాటి కవచాలున్న కణాలు గుంపులుగా ఉన్నా వాటికి రంగు పట్టలేదు. అవి స్థూలకోణ కణజాలం. సెల్యులోజ్, పెక్టిన్‌లతోనే మందమై, కాండం పెరిగేకొద్దీ తామూ సాగగలిగిన ఊత అవి. మీరు చెప్పిన నాలుగు పలకలను నిలబెట్టేవి ఆ కణాలే. లిగ్నిన్ లేకుండానే మొక్క నిలబడగలదనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

ముదురు కోతలో ఆమ్లం పాకిన కొద్దీ ఒక అంచు నుంచి రంగు లేచి, చూస్తుండగానే వలయం మొత్తం ఎర్రబడింది. ఆ వలయంలో నాళాల బోళ్ళు తెల్లటి రంధ్రాలుగా, వాటి గోడలు ముదురు ఎరుపు అంచులుగా నిలిచాయి. నడిమి బెండు, బయటి బెరడు చాలావరకు రంగు లేకుండా మిగిలాయి. వెనక బెంచీ పిల్ల ఒకతి సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తకుండా, మేడమ్, ఇది చెట్టే అంది.

దూలాల లెక్క, మంగళవారం ఉదయం 8:25

ఆదివారం కబ్బన్ పార్కులో నడుస్తూ పడిపోయిన రెండు దుంగలను చూశాను. ఒకటి బూజు పట్టి తెల్లగా, తడి పీచులా ఊడివస్తోంది. మరొకటి ఇటుక రంగులో, చిన్న చిన్న గళ్ళుగా పగిలి, పట్టుకుంటే పొడి అవుతోంది. రెండూ కుళ్ళినవే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు? ఆ పక్కనే ఉన్న తురాయి చెట్టు రోడ్డు వైపుకు వాలి, మళ్ళీ నిటారుగా లేచింది. మాను వంగదని మనం ఇంతసేపు మాట్లాడుకున్నాం, అది మాత్రం వంగినట్టే ఉంది.

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, మంగళవారం రాత్రి 9:00

మీరు చూసిన మొదటి దుంగ మీద పడినది లిగ్నిన్‌ను విడగొట్టగల బూజు. గోధుమ రంగు లిగ్నిన్ పోయి తెల్లటి సెల్యులోజ్ పీచు మిగిలింది. రెండో దాని మీద బూజు సెల్యులోజ్‌ను తినేసి, లిగ్నిన్‌ను కొద్దిగా మార్చి వదిలేసింది. చువ్వలు తీసేసిన కాంక్రీటులా అది గళ్ళుగా పగిలింది. గుజ్జు గారు పాత్రలో విడదీసినవాటినే అడవి రెండు దుంగల్లో విడదీసి మీకు చూపించింది.

వాలిన చెట్టు నిజంగానే తనను తాను వంచుకుంటుంది, అయితే పాత కట్టెను వంచి కాదు. తురాయి వంటి వెడల్పు ఆకుల చెట్లు వాలినప్పుడు, పై వైపున కొత్తగా ఏర్పడే కట్టెను వేరే తీరుగా కడతాయి. చాలా జాతుల్లో ఆ పోగుల లోపలి పొర దాదాపు అంతా సెల్యులోజే, లిగ్నిన్ ఇంచుమించు ఉండదు. ఆ పొర బిగుసుకుని మానును పైకి లాగుతుంది. లాల్‌బాగ్‌లోని అరకేరియా వంటి శంఖాకార వృక్షాలది దీనికి సరిగ్గా ఎదురు తీరు. అవి వాలిన కింది వైపున లిగ్నిన్ ఎక్కువగా ఉన్న కట్టెను పెట్టి, మానును పైకి నెడతాయి. వెడల్పు ఆకుల చెట్ల కొమ్మల్లోనూ పై వైపున ఇలా లాగే కట్టే ఏర్పడుతుంది. పై వైపు ఎక్కువగా పెరగడంతో, కొమ్మను అడ్డంగా కోస్తే నడిమి బెండు మధ్యలో కాక కింది అంచుకు దగ్గరగా కనిపిస్తుంది.

ఉలి బాడిస, బుధవారం ఉదయం 6:15

అటువంటి కొమ్మ కట్టెను రంపం కోస్తే ఒక వైపు నూగు లేస్తుంది. ఎంత పదునైన రంపమైనా అంతే. చెక్క ఆరినప్పుడు ఆ వైపుకే మెలి తిరుగుతుంది. బల్లలకు కొమ్మ కట్టె వాడవద్దని పెద్దవాళ్ళు అనేది ఇందుకేనని ఇప్పుడు తెలిసింది.

మిద్దెతోట, గురువారం సాయంత్రం 6:50

నిన్న రాత్రి గాలివానకు మా వీధి చివర తురాయి కొమ్మ ఒకటి విరిగి పడింది. పొద్దున మనుషులు వచ్చి రంపంతో ముక్కలు చేశారు. అడిగి ఒక ముక్క ఇంటికి తెచ్చుకున్నాను. చెట్టు మీద ఉన్నప్పుడు పైకి ఉన్న వైపు ఏదో కోసినతన్ని అడిగి సుద్దతో గుర్తు పెట్టించాను.

స్కేలు పెట్టి కొలిచాను. బెండు నుంచి పై అంచుకు 9 సెంటీమీటర్లు, కింది అంచుకు 5. కింది సగం కోత నున్నగా ఉంది. పై సగం మీద వేలితో రాస్తే తెల్లటి నూగు లేచి వేలికి అంటుకుంది. తులసి కుండీ పక్కనే దాన్ని ఆరబెట్టాను. ఏ వైపుకు మెలి తిరుగుతుందో ఆరిన తరువాత ఇక్కడే రాస్తాను.